హంసకోట ఫౌంటెన్

శనివారం పొద్దున హంసకోట ప్యాలెస్ వెనక బావిలో టూరిస్ట్ గైడ్ విల్సన్ శవం తేలింది. సోమవారానికి అతని ఉద్యోగం, అతని టోపీ క్లెమెంట్ నెత్తిన పడ్డాయి.

నిజానికి విల్సనూ గైడు కాదు, క్లెమెంటూ గైడు కాదు. ఇద్దరూ బెంగళూరులోని ఒక పేరులేని ఆఫీసు మనుషులు. సీక్రెట్ ఏజెంట్ అంటే భయం తెలియనివాడని జనం అనుకుంటారు గానీ, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన ఈ క్లెమెంట్‌కు బ్రీఫింగ్ దగ్గరే భయం మొదలైంది.

చీఫ్ నాగేంద్రప్ప బ్రీఫింగ్ ఎప్పుడూ క్లుప్తంగానే ఉంటుంది. క్షిపణుల కోడ్‌లు తయారుచేసే సైంటిస్ట్ దీపశ్రీ స్నేహితురాళ్ళతో హంసకోట చూడ్డానికి వస్తోంది. ప్రొఫెసర్ అనే మారుపేరుతో తిరిగే ఒక విదేశీయుడి ముఠా ఆమెను అక్కడే చంపబోతోంది. ఎలాగో తెలియదు. ట్రిప్ మాన్పిస్తే ముఠా మళ్ళీ చేతికి చిక్కదు. టోపీ గుండీలో మైక్ ఉంది, క్లెమెంట్ మాటలు ఆఫీసుకు వినిపిస్తాయి. ముఠాలో మనం పెట్టిన డబుల్ ఏజెంట్ ఒకతె ఉంది, పేరు మోనికా.

"ఆమె మన మనిషే కదా సార్?" అని అడిగాడు క్లెమెంట్.

"విల్సన్ కూడా ఇదే అడిగినాడప్పా," అన్నాడు నాగేంద్రప్ప.

ఇలాంటి ధైర్యం చెప్పించుకుని క్లెమెంట్ సరిహద్దు ఊరు నంగలి దాటి హంసకోట చేరాడు. సోమవారం ప్యాలెస్‌కు సెలవు. దీపశ్రీ బృందం కోసమే ప్రత్యేకంగా తలుపులు తీశారు. దర్బారు హాలు, రాణివాసం, అద్దాల మహలు ఒక్కొక్కటే చూపిస్తూ, ఏ పరదా వెనక ఎవడున్నాడో అని బిక్కుబిక్కుమంటూ, నోటికొచ్చిన రాజుల పేర్లన్నీ చెప్పుకుపోయాడు. అద్దాల మహల్లో ఎటు తిరిగినా పాలిపోయిన తన మొహమే కనిపించింది. దీపశ్రీ మాత్రం తీరిగ్గా ఫోటోలు తీసుకుంటోంది. ఫౌంటెన్ ఎప్పుడు చూపిస్తారని అప్పటికే రెండుసార్లు అడిగింది.

తోటలో అడుగుపెట్టేసరికి ఎదురుగా, సెలవు రోజైనా ఎలాగో లోపలికి వచ్చేసిన మోనికా, బ్రీఫింగ్‌లో ఫోటోలో చూసిన మనిషే. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, పది గజాల దూరానికే గుప్పుమనే సెంటు.

"హలో, గైడ్! వన్ సెల్ఫీ ప్లీజ్," అంటూ వచ్చి అతని టోపీ లాక్కుంది. లాక్కుని, గుండీని పిడికిట్లో బిగించి, నవ్వు మొహం మీద అలాగే ఉంచి, గుసగుసగా మాట్లాడింది.

"ఈ మైక్ వాళ్ళూ వింటా ఉండారు. ముందు గేటు బయట వ్యాన్‌లో కూచోని, మిషన్‌తో ప్రతి మాటా ఇంగ్లీషులోకి మార్చుకుంటా ఉండారు. విల్సన్ అట్లే దొరికిపోయినాడు. ఫౌంటెన్ కింద బాంబు ఉండాది. మీరు ఆడికొచ్చినారని తెలిస్తే రిమోట్ నొక్కుతారు. నీ మాట ఆగిపోతే తుపాకులెత్తుకోని లోపలికే వస్తారు. ఆఫీసుకు ఇప్పుడే చెప్పినా. మనోళ్ళు నంగలి నుంచి వచ్చేదాకా మాట్లాడతానే ఉండల్ల. వీళ్ళను వెనక గేట్లో బయటికి తీస్కపో."

వెనక గేటు పక్కనే విల్సన్ తేలిన బావి. క్లెమెంట్ ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఈమె మాట నమ్మి వెళ్తే అక్కడే కాసుకుని ఉంటే? నమ్మకపోతే అయిదుగురు ఆడవాళ్ళు ఫౌంటెన్ దగ్గర ముక్కలైపోతే?

"భయమైతాదప్పా నాకు," అంది మోనికా. ఇంగ్లీషంతా ఎగిరిపోయి, నోట్లో కేజీఎఫ్ పక్కన మారికుప్పం మాట ఒక్కటే మిగిలింది. ఇంత భయపడుతున్న మనిషి అబద్ధం చెప్పదు, ఆ భయమేమిటో తనకు తెలుసు అనుకున్నాడు క్లెమెంట్.

టోపీ పెట్టుకుని గొంతు పెంచాడు. గులాబీల గురించి మాట్లాడాడు, మల్లెల గురించి మాట్లాడాడు, ఇదిగో ఫౌంటెన్‌కు పోతున్నాం అని చెబుతూ అందర్నీ వెనక దారికి మళ్ళించాడు. దీపశ్రీ ఏదో అడగబోతే గట్టిగా దగ్గాడు. గేటు దగ్గర వాచ్‌మన్ నంజుండప్ప తప్ప ఎవరూ లేరు. అతను మారు మాట్లాడకుండా తలుపు తీశాడు.

గండం గడిచిందనుకునేంతలో దీపశ్రీ వెనక్కి తిరిగింది. మర్యాద తెలిసిన మనిషి, చేతులు జోడించి, "ఇంగ మేం వస్తామప్పా," అంది వాచ్‌మన్‌తో. "వస్తామన్నా," అంది రెండో ఆవిడ. "వస్తాం, వస్తాం," అన్నారు మిగతావాళ్ళు. మైక్‌లో అన్నీ స్పష్టంగా పడ్డాయి. వెళ్ళిపోతున్న సంగతి వ్యాన్‌కు తెలిసిపోయింది, అయిపోయింది అనుకున్నాడు క్లెమెంట్.

తెలియలేదు. మన దగ్గర గడప దాటేవాళ్ళెవరూ పోతామనరని ఆ మిషన్‌కు ఎవరూ నేర్పలేదు. వ్యాన్ స్క్రీన్ మీద ఇంగ్లీషులో "మేము ఇప్పుడు వస్తున్నాం" అని వరసగా పడింది. "మంచిదమ్మా, రాండి," అని నంజుండప్ప సాగనంపిన మాటకు "సరే, లోపలికి రండి" అని పడింది. ప్రొఫెసర్ మురిసిపోయి రిమోట్ మీద బొటనవేలు పెట్టాడు. వచ్చేశాం అనే మాట కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నంగలి నుంచి వచ్చిన జీపులు చుట్టుముట్టి, నాగేంద్రప్ప మనుషులు ఆ చెయ్యి మెలిపెట్టి రిమోట్ లాక్కున్నప్పుడు కూడా అతను స్క్రీన్ వైపే చూస్తున్నాడట.

ఇవేవీ తెలియని దీపశ్రీ బస్సు మెట్టెక్కుతూ ఆగింది. క్లెమెంట్ బస్సు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఫౌంటెన్ చూపించకుండానే పంపిచ్చేస్తా ఉండారు. నేను కంప్లెయింట్ ఇస్తాను. మీ పేరేమప్పా?"

"క్లెమెంటమ్మా," అన్నాడు.

జేబులో ఉన్న గైడ్ కార్డు మీద వేరే పేరుందని బస్సు కనుమరుగయ్యాక గానీ అతనికి గుర్తు రాలేదు.