పటంలో లేని ఆగుడు

ఉప్పుటేరు తూము పటం కొత్త వారధి మీదికి చేరింది. నూకరత్నం దాని ముద్ర సరిచూసింది. పాత వారధిలో ఉన్నదీ కొత్తదానిలోకి వచ్చినదీ అక్షరం తేడా లేకుండా ఒకటేనని తెర మీద ఆకుపచ్చ గీత పడ్డాక తర్వాతి పటాన్ని ఎత్తుకుంది. ఆసుపత్రి కరెంటు పటం. దాని వెనక సైరన్ల పటం. పొద్దుటి నుంచి ఇదే పని.

"పెళ్ళివారి సామాను దించుతున్నట్టుంది," అన్నాడు పక్క బల్ల దగ్గరి ఇమ్మానుయేలు. "బిందె వచ్చిందా, వచ్చింది. పరుపు వచ్చిందా, వచ్చింది. పెళ్ళికొడుకు మాత్రం పోటు వేళకి గానీ దిగడు."

"దిగాలంటే నువ్వు నోరు కట్టేసి నీ బల్ల మీద సామాను ఎత్తాలి," అంది రత్నం.

గోడను అల తాకింది. గదిలో నేల సన్నగా వణికి ఊరుకుంది. ఇద్దరూ తలెత్తలేదు.

తీర వారధి కేంద్రాన్ని సముద్రపు గోడ మందంలోనే కట్టారు. ఒకవైపు కిటికీలోంచి చూస్తే సముద్రం, రెండోవైపు చూస్తే ఊరు. ఊరు కిందుగా ఉంటుంది. ఇళ్ళ కప్పులు, కప్పుల మీద ఎండబెట్టిన చేపలు, దండేల మీది బట్టలు, అన్నీ నీటిమట్టానికి దిగువనే. సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్నది ఆ గోడ, గోడకున్న వాకిళ్ళు. అలచెవులు సముద్రాన్ని వింటాయి. పడవల్లో బిగించిన పడవగొంతులు తామెక్కడున్నాయో చెబుతుంటాయి, పడవలోనివాళ్ళ మాటను ఇంటికీ చేరుస్తాయి. వాకిళ్ళ రెక్కలు పైకి లేచి తెరుచుకుంటాయి, కిందికి దిగి మూసుకుంటాయి. ఒకదాని మాట ఇంకోదానికి అర్థమయ్యేలా మోసుకెళ్ళేది వారధి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో గీసి పెట్టినవి పటాలు. ఆ పటాల ప్రకారం లోపల నిత్యం సాగేది నడక.

పాత వారధి నేలమాళిగలో ఉంది. అక్కడ ఉప్పునీరు ఊరడం మొదలైంది. పటాలన్నీ మేడమీది కొత్త వారధికి మోసి, మధ్యాహ్నం పోటు రాకముందే పాతదాన్ని ఆర్పేయమని పైనుంచి ఉత్తర్వు. మోసినంతవరకూ ఉన్న పటాలతో కొత్త వారధి అప్పటికే నీడనడక మొదలుపెట్టింది. పాతది వినే అలచెవులనే అదీ వింటుంది, కానీ రెక్కలను కదపదు. నేనైతే ఇప్పుడు ఇది చేసేదాన్ని అని తెర మీద రాసుకుంటుంది, అంతే. పాతది చేసిన పనీ కొత్తది రాసిన మాటా ఒకటైతే పగ్గాలు అప్పగించవచ్చు.

ఒకచోట ఒకటి కాలేదు.

పడవల వాకిలి దగ్గర. ఊరి పడవలన్నీ వచ్చేదీ పోయేదీ ఆ ఒక్క దారినే. ఇందాక పెద్ద అల వస్తోందని అలచెవి చెప్పింది. పాత వారధి రెక్కలను దింపబోయి ఆగింది, ఒక పడవ లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు దింపింది. కొత్త వారధి మాత్రం అల మాట వినగానే రెక్కలు దింపేసేదాన్నని రాసింది.

పటం మోయడంలో తనే పొరబడ్డానేమోననుకుంది రత్నం. మళ్ళీ మోసింది. మళ్ళీ అదే. ముద్రలు కలిశాయి, పటాలు రెండూ ఒకటే. తేడా పటంలో లేదు. అంటే నడకలో ఉంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఉన్న చెడ్డ అలవాటు అది. ఏదైనా ముంచుకొచ్చినప్పుడు పటం దాకా వెళ్ళే తీరిక ఉండదు. నడుస్తున్న నడకలోనే చెయ్యి పెట్టి సరిచేస్తారు. పటంలో తర్వాత గీద్దామనుకుంటారు, మరిచిపోతారు. రోజులు బాగానే గడుస్తాయి. పటాన్ని ఇంకో వారధికి మోసిన రోజున, ఆ సరిచేసింది వెనకే ఉండిపోతుంది.

రత్నం పాత నడకను విప్పి చూసింది. అలచెవికీ రెక్కలకూ మధ్య చిన్న ముడి ఉంది. రెక్కలు దించేముందు, దారిలో ఎవరైనా ఉన్నారా అని పడవగొంతులను అడుగుతుంది. ఉన్నామంటే, దాటేదాకా ఆగుతుంది. ఇంతే. పటంలో ఎక్కడా లేని ఆగుడు.

చెయ్యి పెట్టినవాళ్ళ గుర్తు నడకలో మిగిలిపోతుంది. ఆ గుర్తు కేంద్రం పెద్ద పట్టాభిగారిది. తేదీ, ఎల్లాజీ పోయిన మర్నాటిది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఇమ్మానుయేలు ఏదో అడిగాడు. ఏమడిగాడో ఆమెకు చేరలేదు.

ఎల్లాజీ ఆమె తమ్ముడు. తల్లి లేని ఇంట్లో వాడిని చంకనేసుకుని పెంచింది తనే. ఆ పడవల వాకిలి రెక్కల కింద పడవతో సహా నలిగిపోయాడు. విచారణ జరిగింది. సైరన్ మోగినా వినిపించుకోలేదనీ, ఇంకొక్క వల లాగుదామని ఆశపడ్డాడనీ, ఆలస్యంగా వచ్చి మూసుకుంటున్న రెక్కల కిందికి దూరాడనీ తేల్చారు. రత్నం నమ్మింది. వాడు మొండివాడే మరి. శవం దగ్గర కూడా ఏడుస్తూ తిట్టింది. ఏటా వాడి పేరున విస్తరి వేసినప్పుడు, నీ ఆశే నిన్ను మింగింది కదరా అని తిట్టే వడ్డించేది. వాడు పోయాకే పట్టాభిగారు ఆమెను పిలిచి కేంద్రంలో ఉద్యోగం ఇప్పించారు, దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పారు. దేవుడిలాంటి మనిషని ఊళ్ళో అందరికీ చెప్పుకుంది.

రత్నం వెళ్ళేసరికి పట్టాభిగారు తన గదిలో పెరుగన్నం తింటున్నారు. ఆమె ముఖం చూడగానే చెయ్యి ఆగిపోయింది.

"ఆ ఆగుడు మీరే పెట్టారా సార్?"

ఆయన డబ్బా మూత పెట్టారు. "కూర్చోమ్మా."

"పెట్టారా?"

"పెట్టాను."

ఆ తర్వాత చాలాసేపు ఆయనే చెప్పారు, గొంతు పెంచకుండా, కిటికీ వైపు చూస్తూ. పడవల వాకిలి పటం గీసినవాళ్ళు నీటిని తలచుకునే గీశారు, మనుషులను తలచుకోలేదు. పడవగొంతులను రెక్కలకు కలపనేలేదు. ఆ సంగతి ఎల్లాజీ పోయిన రోజునే ఆయనకు తెలిసింది. పైవాళ్ళకు చెప్పారు. వాళ్ళు బెదిరిపోయారు. ఆ వాకిలి ఒక్కటే అయితే బెదరకపోదురు. తీరం పొడవునా ఉన్న వాకిళ్ళ పటాలన్నీ ఒకే తల్లిపటానికి పుట్టిన పిల్లపటాలు. పటం దోషం వల్ల ప్రాణం పోయిందని ఒక్కసారి రాస్తే, తల్లిపటం నుంచి పుట్టినవన్నీ, ఏ వారధి మీద నడుస్తున్నా, వాటంతటవే స్తంభించిపోతాయి. అది చట్టం. మళ్ళీ పరీక్షలయ్యేదాకా ప్రతి వాకిలినీ మనుషులు చక్రం పట్టి తిప్పుకోవాలి. అప్పుడేమో తుఫాన్ల కాలం. పటం జోలికి వెళ్ళకుండా పడవవాడి తప్పని తేల్చడం వాళ్ళకు తేలికైంది. మర్నాడు ఆయన ఒంటరిగా కూర్చుని నడకలో ఆ ముడి వేశారు.

"అంతకన్నా నా చేతిలో ఏముందో చెప్పు," అన్నారు. "ఆ ముడి వల్ల ఎన్ని పడవలు క్షేమంగా లోపలికి వచ్చాయో నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు."

"పడవలన్నీ వచ్చాయి సార్. వాడి పేరొక్కటే బయట ఉండిపోయింది."

ఆయన బల్ల మీదికి వంగారు. కొత్త వారధి నడకలో చెయ్యి పెట్టనివ్వదని ఇద్దరికీ తెలుసు. ఏం చేసినా పటంలోనే చేయాలి, మార్చిన కారణం రాయాలి. పాతదాన్ని ఆర్పేముందు ఎవరికీ తెలియకుండా నేనే చేద్దామనుకున్నానన్నారు. ఇప్పుడు ఆమె కంట పడింది కనక ఇప్పుడే చేసేయమన్నారు.

"ఆగుడు పటంలో పెట్టు. కారణం దగ్గర పరికరం మార్పు అని రాయి. కింద నేను సంతకం చేస్తాను. పోటు రాకముందే అయిపోతుంది. లోవ సముద్రం మీదే ఉంది కదా? క్షేమంగా వస్తుంది. మనకి కావలసింది అదే కదమ్మా."

లోవలక్ష్మి ఎల్లాజీ పెళ్ళాం. మొగుడు పోయాక మరో పడవ అద్దెకు తీసుకుని తనే వేటకు పోతోంది. తెల్లారకముందు వెళ్ళింది. పోటు మీద వస్తుంది. రత్నానికి ఆ సంగతి ఆయన గుర్తు చేయక్కర్లేదు. ముడిని చూసిన క్షణం నుంచీ ఆమె ఆలోచిస్తున్నది అదే.

"పై తీరంలో పడవల వాకిళ్ళు లేవా సార్?" అని అడిగింది. "కింద తీరంలో? వాటి నడకలో ఎవరు చెయ్యి పెట్టారు?"

పట్టాభిగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుస్తూనే ఉన్నారు.

"అక్కడా ఎవరో పోయే ఉంటారు," అంది రత్నం. "సైరన్ వినిపించుకోలేదని రాసే ఉంటారు. వాళ్ళ అక్కలు కూడా తిట్టుకుంటూనే ఉంటారు."

"ఇవాళ సముద్రం బాగాలేదు రత్నం. వాకిళ్ళన్నీ స్తంభింపజేస్తే ఊళ్ళోకి నీళ్ళు రావచ్చు. ఆ పాపం ఎవరు మోస్తారు?"

రత్నం లేచి వచ్చేసింది.

తన బల్ల దగ్గర కూర్చుని పడవల వాకిలి పటాన్ని తెరిచింది. పాత నడకలోని ముడిని చూస్తూ పటంలో అదే ముడిని గీసింది. దగ్గర కూర్చోబెట్టి ఆయన నేర్పిన పద్ధతిలోనే, గీతలు ఒకదాని మీదొకటి పడకుండా గీసింది. దారిలో ఎవరైనా ఉన్నారా. ఉంటే ఆగు. ఇంత చిన్న ప్రశ్న. వాడు బతికి ఉండగా ఎవరూ వేయని ప్రశ్న. కారణం గడి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి. ఊరివైపు కిటికీలోంచి కప్పులు కనిపిస్తున్నాయి. ఆ కప్పుల కింద ఉన్నవాళ్ళెవరూ ఆమెకు పరాయివాళ్ళు కాదు. పరికరం మార్పు అని రాస్తే వాళ్ళంతా ఈ పూట నిశ్చింతగా అన్నం తింటారు.

ప్రాణహాని అని రాసింది. పటం దోషం అని రాసింది. చనిపోయిన మనిషి పేరు అన్నచోట గరికిన ఎల్లాజీ అని రాసి ముద్ర వేసింది.

ముందు శబ్దం ఆగింది. గోడలోపల ఎప్పుడూ ఉండే సన్నటి మోత ఒకటి ఉందని, అది ఆగాక గానీ తెలియలేదు. తర్వాత తెర మీద తీరమంతా, ఒక్కొక్క వాకిలీ ఎర్రబడుతూ పోయింది, దక్షిణం నుంచి ఉత్తరం దాకా. రెక్కలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"ఓలమ్మో, ఏం చేశావే?" అన్నాడు ఇమ్మానుయేలు నెమ్మదిగా. తెర మీద ఉన్న పేరు చదివాడు. ఇంకేమీ అడగకుండా లేచి, చెప్పులు వేసుకున్నాడు. "నేను ఉప్పుటేరు తూము దగ్గరికి పోతాను. నువ్వు పడవల వాకిలికి పో."

ఆమె వరండాలోకి వచ్చేసరికి పట్టాభిగారి గది తలుపు తెరిచే ఉంది. ఆయనకు ఆమె ముద్రను రద్దు చేసే అధికారం ఉంది. కానీ ఆయన ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు. వాకిలి తర్వాత వాకిలికి ఫోను చేస్తున్నారు. చక్రం పట్టండి, కళ్ళతో చూసి తిప్పండి, అంటున్నారు.

పడవల వాకిలి చక్రం మనిషి ఎత్తు ఉంటుంది. కాపలావాళ్ళు అప్పటికే పట్టుకుని ఉన్నారు. రత్నం చీర కొంగు దోపుకుని వాళ్ళ మధ్య చోటు చేసుకుంది. రెక్కలు సగంలో నిలిచిపోయి ఉంటే, బరువుకు ఎగరొప్పుతూ పైకి లేపారు. పోటు ఎక్కుతోంది. అల వచ్చినప్పుడల్లా వాకిలి గుండా నీళ్ళు లోపలికి దూకుతున్నాయి. ఒక్కొక్క పడవా వస్తోంది. అల మీదికెక్కి, జారి, రెక్కల కిందుగా లోపలికి. నాలుగో ఐదో పడవలో లోవ కనిపించింది. తల ఎత్తి, చక్రం దగ్గర ఆడపడుచును చూసి, చుక్కాని తిప్పడం ఒక్క క్షణం మరిచింది.

పడవ కట్టేసి, తడిసిన బట్టలతోనే మెట్లెక్కి వచ్చింది. రత్నం చక్రం వదలకుండానే, ఆయాసపడుతూ, జరిగినదంతా చెప్పింది. పటం సంగతి, ముడి సంగతి. వాడి తప్పు ఏమీ లేదు లోవా అంది.

లోవ ఆశ్చర్యపోలేదు. నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంది.

"నాకు తెలుసొదినా. ఆ రోజు పడవగొంతులో నాతో మాటాడతానే వచ్చాడు. సైరన్ మోగతంది, వల కోసి సముద్రంలో వదిలేశాను, వచ్చేత్తన్నాను, అన్నం పెట్టుంచు అన్నాడు. అందరికీ సెప్పాను. మొగుడు పోయిన మడిసి ఏదో ఒకటి అంటాది లే అన్నారు."

రత్నానికి గుర్తుంది. అన్నవాళ్ళలో తనూ ఉంది.

లోవ ఏడవలేదు. ఆమె చేతుల పక్కనే తన చేతులు చక్రం మీద వేసి బరువు పట్టింది. "నీలయ్య మావ ఇంకా రాలేదు," అంది సముద్రం వైపు చూస్తూ. "నా ఎనకాలే ఉన్నాడు."

దిగువన మొదటి వీధిలోకి నీళ్ళు వచ్చాయి. ఎవరో పిల్లల్ని మేడ మీదికి తోలుతున్నారు. ఇంకెవరో తమ ఇంటి గుమ్మంలోంచే గోడ మీదివాళ్ళను బూతులు తిడుతున్నారు. ఇంకో పెద్ద అల దూరంగా లేస్తోంది.

"మూసేద్దామా అమ్మా?" అని అడిగాడు చక్రానికి అవతలివైపున్న కాపలామనిషి.

ఈ వాకిలి దగ్గర ఆ మాట ఒకరు ఒకరిని అడగడం అదే మొదటిసారి. రత్నం కిందికి, వీధిలో మెరుస్తున్న నీళ్ళ వైపు చూసింది. తర్వాత సముద్రం వైపు చూసింది. అలల మధ్య నల్లగా ఏదో పైకి లేచి, మళ్ళీ కనబడకుండా పోయింది.

"ఉండండి," అంది.