మేము కాదు, మనం

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో అతనికి ఎర్రసిరా అని పేరు. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. బల్ల మీద రెండు ఎర్రపెన్నులు, ఒక చెక్క స్కేలు. ఆ స్కేలును వరుస కింద పెట్టి, ఒక్కో వరుసా కిందికి జరుపుకుంటూ చదువుతాడు. తప్పు దొరికిందంటే ఆ రోజుకి కడుపు నిండినట్టే. దొరకని రోజున మాత్రం ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళ మాటల్లో వెతుక్కుంటాడు.

ఇంట్లో సులువుగా చేతికి చిక్కేవాడు బావమరిది. లిఫ్టు మెకానిక్కు. చిన్నప్పుడు పిన్ని దగ్గర, వేరే భాషవాళ్ళ మధ్య పెరిగి పదిహేనో ఏట అక్క ఇంటికి చేరాడు. మిగతా భాషంతా వచ్చేసింది గానీ, మేముకీ మనానికీ తేడా మాత్రం ఒంటబట్టలేదు. "నిన్న మనం సినిమాకెళ్ళాం బావా" అంటాడు. "నేనెప్పుడొచ్చానురా?" అంటాడు ఎర్రసిరా. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము, ఈ మాత్రం ఎక్కడానికి నీ బుర్రకి కూడా లిఫ్టు బిగించాలా అని పదిమందిలో పరువు తీస్తాడు. బావమరిది నవ్వేసి, మళ్ళీ మర్నాడు మనం అనే అంటాడు. పుట్టి బుద్ధెరిగాక అతని నోట మేము అన్న మాట ఎవరూ వినలేదు.

ఈ బావమరిదికి ఒక స్నేహితుడుండేవాడు. దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. వాడికి మేము, మనం బాగానే వచ్చు గానీ, ఒత్తులు రావు. ఊళ్ళో సగం బోర్డుల మీద వాడి తప్పులు రంగురంగుల్లో వేలాడుతుంటే ఎర్రసిరాకి ఆ వీధుల్లో నడవడమే నరకం. పైగా వాడు స్నేహితుణ్ణి చూసి తనూ 'బావా' అని పిలిచేవాడు. నీకు నేను ఏ వైపు నుంచి బావనయ్యా అని ఎర్రసిరా మొహం మీదే అడిగినా, వాడు సిగ్గుపడేవాడే తప్ప పిలుపు మానలేదు. వచ్చినప్పుడల్లా టర్పెంటైను వాసనతో గుమ్మంలోనే నిలబడేవాడు. భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు, ఇంట్లో ముగ్గురు మనుషులు. నాలుగో కుర్చీ గోడవార, పాత ప్రూఫుల కట్ట మోస్తూ ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎర్రసిరా ఆ కట్ట తీసి వాణ్ణి కూర్చోమనలేదు. రంగు బట్టలు, కుర్చీ పాడవుతుంది అనేవాడు.

రెండేళ్ళ కిందట వాళ్ళిద్దరూ కొండల్లో రెండు రాత్రులు గడపడానికి బయలుదేరారు. గుమ్మం దగ్గర సంచులు భుజాన వేసుకుని పెయింటరు, "మేము వెళ్తున్నాం బావా" అన్నాడు. ఎర్రసిరా తలెత్తలేదు. మొదటి సాయంత్రం మంచు కమ్ముతుండగా పెయింటరు క్యాను పట్టుకుని వాగులో నీళ్ళకి దిగాడు. అంతే. పదకొండు రోజులు వెతికితే క్యాను మూత దొరికింది.

అప్పట్నించీ బావమరిదికి నిద్ర లేదు. పని మానేశాడు. కూర్చున్నచోటే కూర్చుని, ఒకసారి అక్కడికి వెళ్ళాలక్కా, వాణ్ణి అక్కడ ఒంటరిగా వదిలేసి వచ్చేశాను అనేవాడు. చెప్పీ చెప్పీ అలిసిపోయిన అక్క, చివరికి మొగుడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"వాడు ఒంటరిగా వెళ్తే తిరిగి రాడండీ. మీరు వెంట వెళ్ళండి. వాణ్ణి నాకు తీసుకొచ్చి అప్పగించండి. నాకున్నది వాడొక్కడే."

"మరి నేనో?" అన్నాడు ఎర్రసిరా. ఆవిడ లోపలికి వెళ్ళి సంచి సర్దడం మొదలెట్టింది.

అలా బయలుదేరాడు మహానుభావుడు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఆరుగంటల నడక. దారంటూ లేదు, పొదలు తప్పించుకుంటూ పోవడమే. అడుగడుక్కీ సణిగాడు. కప్పూ, కుళాయీ, మంచమూ కనిపెట్టడానికి మనుషులు వేల ఏళ్ళు తంటాలు పడితే, ఉద్యోగాలకి సెలవు పెట్టి మరీ వచ్చి అవేవీ లేకుండా పడుకునే ఈ జాతిని ఏమనాలో అతనికి మాట దొరకలేదు. నిఘంటువు చేతిలో ఉన్నా దొరికేది కాదేమో. బావమరిది మాత్రం తన పని తను చేసుకుపోయాడు. రెండు చెట్ల మధ్య తాడు లాగి టార్పాలిన్ కట్టాడు. తిండి సంచిని ఎలుగుబంట్లకి అందకుండా దూరంగా కొమ్మకి వేలాడదీశాడు. చిన్న పారతో దొడ్డికి గొయ్యి తవ్వాడు. ఆ గొయ్యి చూసి ఎర్రసిరా, ఇదేనన్నమాట మీ ప్రకృతి ఆరాధన అన్నాడు.

పొద్దు వాలింది. చెట్లు నిటారుగా, ఎంత మెడ ఎత్తినా చివర కనబడనంత పొడుగు. నేలంతా కుళ్ళిన ఆకులు, అడుగు వేస్తే లోపలికి దిగేంత మెత్తన. తడి బెరడు వాసన. కింద ఎక్కడో వాగు, మూసిన తలుపు వెనక ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఆగకుండా చప్పుడు చేస్తోంది.

"నీళ్ళకి మనం ఇద్దరం కలిసే వెళ్దాం బావా," అన్నాడు బావమరిది.

"ఇన్నాళ్ళకి ఒక్కచోట సరిగ్గా వాడావు," అన్నాడు ఎర్రసిరా. వెళ్ళారు. క్యాను నింపుకున్నారు. వాగు ఒడ్డున బావమరిది చాలాసేపు నిలబడి, అప్పుడు మనం ఇక్కడే వెతికాం బావా, ఆ నల్లరాయి పక్కనే అన్నాడు. నేను రాలేదు, మేము అను అన్నాడు ఎర్రసిరా. అక్కడ కూడా వదల్లేదు.

తిరిగొచ్చేసరికి మంచు కమ్మింది. కట్టెలు తడిసిపోయి పొగే తప్ప మంట లేదు. ఆ పొగలోంచి సన్నగా టర్పెంటైను వాసన తగిలింది. ఎర్రసిరా ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తనకి తనే పాఠం చెప్పుకున్నాడు. ఈ చెట్ల జిగురులోంచే గదా దాన్ని తీసేది, వాసన రాక ఏం చేస్తుంది. తన తెలివికి తనే మెచ్చుకుని దుప్పటి సంచీలో దూరాడు. పక్కన బావమరిది అప్పటికే అటు తిరిగి పడుకున్నాడు.

ఎంతసేపు నిద్రపోయాడో తెలీదు. మెలకువ వచ్చేసరికి చీకటి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. వాగు చప్పుడు వినబడటం లేదు. ఒక్క చుక్క చప్పుడు కూడా లేదు.

"బావా..."

మెల్లగా. చెవికి దగ్గరగా కాదు, దూరంగానూ కాదు.

"ఏంట్రా?"

"మేము వెళ్తున్నాం బావా."

ఎర్రసిరాకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు నెత్తీనోరూ బాదుకుంటే ఇప్పటికి ఆ మాట ఒంటబట్టింది, అదీ తప్పుచోట. ఉన్నది ఇద్దరే. వెళ్తే ఇద్దరూ కలిసే వెళ్ళాలి. ఇందులో మేము ఎక్కడిది?

"మేము కాదురా మొద్దూ, మనం," అన్నాడు కళ్ళు మూసుకునే. "పొద్దున్నే అందరం కలిసి ఇంటికి వెళ్తాం, మనం. నోరు మూసుకుని పడుకో."

దుప్పటి సంచీని గడ్డం దాకా లాక్కున్నాడు.

"...మనమా?"

"మనమే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంటికా... బావా?"

"ఇంటికి కాకపోతే అడవికా?"

ఎవరో ఊపిరి వదిలారు. చాలాకాలంగా బిగపట్టిన ఊపిరి. టర్పెంటైను వాసన గుప్పుమంది.

ఎర్రసిరా చిరాకుగా పక్కకి చెయ్యి చాపాడు. దుప్పటి సంచీ తగిలింది. ఖాళీగా ఉంది. లోపల చల్లగా ఉంది... మనిషి లేచి చాలాసేపయింది.

అప్పుడు, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, అతని బుర్ర ఆ వాక్యం కింద స్కేలు పెట్టి మళ్ళీ చదివింది. మేము వెళ్తున్నాం బావా. బావమరిది జన్మలో మేము అనలేదు. అన్నవాడు వేరు. రెండేళ్ళ కిందట గుమ్మంలో నిలబడి అన్నాడు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. ఇద్దరు వెళ్తున్నారు, వినేవాణ్ణి వదిలేసి వెళ్తున్నారు. మేమే. ముమ్మాటికీ మేమే. తనే లేని తప్పు పట్టి దిద్దాడు.

టార్చి వెతికాడు. రెండుసార్లు పడేశాడు. వెలిగిస్తే మంచు తెల్లగోడలా ఎదురొచ్చింది. బావమరిదిని పిలవబోయాడు. పిలిస్తే పలికేది ఎవరో అనిపించి ఆగాడు. మోకాళ్ళ మీద పాకుతూ వాగువైపు వాలు దిగాడు. ఇంట్లో ఆవిడ మొహం కళ్ళముందు నిలిచింది. తీసుకొచ్చి అప్పగించండి అంది. ఏం అప్పగించాలి? ఒక క్యాను మూతా?

కింద... నీళ్ళలో ఏదో కదిలింది.

ఒక్కో అడుగూ. పైకి వస్తోంది. తడి కాళ్ళ చప్పుడు.

టార్చి వెలుగులోకి బావమరిది వచ్చాడు. ఛాతీ దాకా తడిసి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహంలో భయం లేదు, చలి లేదు. రెండేళ్ళుగా లేని ఒక నెమ్మది ఉంది.

"పద బావా," అన్నాడు. "ఇంటికి వెళ్దాం. నువ్వు రమ్మన్నావట."

"ఎవరు చెప్పారు?" గుసగుసగా అడిగాడు ఎర్రసిరా.

బావమరిది ఒకసారి వెనక్కి చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు. తర్వాత వెళ్ళి ప్రశాంతంగా పడుకుని గురక పెట్టాడు. ఎర్రసిరా మాత్రం తెల్లారేదాకా చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. టార్పాలిన్ కింద వినబడుతున్న ఊపిరి ఒకటో రెండో లెక్కపెట్టాలనిపించింది. లెక్కపెట్టే ధైర్యం రాలేదు.

పొద్దున్న దిగుతుంటే ఇరుకుదారిలో ఎర్రసిరా ముందు, బావమరిది వెనక. బూట్ల చప్పుడు వెంట వస్తోంది. దాని వెనక ఇంకొకటి, చెప్పుల్లేని కాళ్ళది, తడిది. ఎర్రసిరా ఆరుగంటలసేపు తల తిప్పలేదు. దారి పొడుగునా ఒక్క తప్పు మాట కోసం ప్రాణం కొట్టుకుంది. వాడు మనం అనాల్సిన చోట కాకుండా ఎక్కడో అక్కడ మనం అంటే చాలు, పాత బావమరిదే అని ఊరట పడేవాడు. నిన్న రాత్రి మనం వాగులోకి దిగాం అను, నేను రాలేదు కదా, అయినా అను అని మనసులో బతిమాలాడు. బావమరిది ఈలపాట పాడుకుంటూ నడిచాడు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఆవిడ తలుపు తీసి తమ్ముడి మొహం చూసింది. వాడు నవ్వాడు. ఆకలేస్తోందక్కా అన్నాడు. రెండేళ్ళలో వాడు ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ కళ్ళనీళ్ళతో వాడి చెంపలు నిమిరింది. వాడు స్నానానికి వెళ్ళాక మొగుడి దగ్గరికి వచ్చి, మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఏదో అనుకున్నాను, మీరే వాణ్ణి బతికించారు అంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ నోట అలాంటి మాట వినలేదతను. అది విని మామూలుగా అయితే నెలరోజులు గాల్లో తేలేవాడు.

మూడు కంచాలు పెట్టింది. వాసన పీల్చి, ఎవరింట్లోనో రంగులు వేస్తున్నట్టున్నారు అంది. తర్వాత స్నానాలగది వైపు కేకేసింది.

"తమ్ముడూ, భోజనానికి రా."

కుళాయి ఆగింది.

"వస్తున్నాం అక్కా."

ఆవిడ నవ్వింది. "ఇంకా అంతేనా వీడు? ఒక్కడేగా ఉన్నది, వస్తున్నాం ఏమిటి? రాత్రంతా మీ పక్కన పడుకున్నా వ్యాకరణం రాలేదన్నమాట. దిద్దరేం?"

ఎర్రసిరా దిద్దలేదు. లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. నాలుగో కుర్చీ మీది ప్రూఫుల కట్ట రెండు చేతులతో ఎత్తి కింద పెట్టాడు. కుర్చీ లాక్కొచ్చి బల్లకి చేర్చాడు.

"అదెవరికండీ?" అంది ఆవిడ.

అతను కుర్చీ మీది నుంచి చెయ్యి తీసి చూసుకున్నాడు. కట్ట అడుగున ఇన్నేళ్ళుగా ఎవరూ కూర్చోని ఆ కుర్చీ తడిగా ఉంది.