పాతరలో పొగఓడ

"తుఫాను తగ్గగానే మూత తీస్తాం."

నూరేళ్ళ కిందట అట్లాంటిక్ దాటుతున్న ఓ పొగఓడ కెప్టెన్, అడుగున కుక్కిన పేద ప్రయాణికులకు ఇచ్చిన మాట అది. తీసేసరికి ఊపిరాడక అందరూ పోయారు. ఓడకు రెండు పక్కలా నీళ్ళను తోసే చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

పార్టీ కమిటీకి ఇది నా నాలుగో ఉత్తరం.

దొర గడీలో దొరికిన ఉర్దూ పుస్తకంలోని ఆ కథను భువనగిరి పక్క పల్లెలో సంఘం మీటింగులో చెప్పాను. "పైన వెండి గిన్నెలు, కింద చీకటి. ప్రపంచమే ఈ ఓడ" అన్నాను.

మా సంఘంలోనే పనిచేసే బిక్షమ్మ నవ్వింది. "గా కెప్టెన్ సుత నీ లెక్కనే మంచిగ మాట్లాడిండేమో, తమ్మీ. నువ్వైతే తీస్తవా?"

"తీస్తా."

రజాకార్లను అణిచిన మిలిటరీ అక్టోబరులో మా కోసం వచ్చింది. బిక్షమ్మనూ ఆమె పసిపిల్లనూ జొన్నల పాతరలోకి దింపాం. బావిలా తవ్విన గొయ్యి అది. ముందు దీపం దింపి చూశాం, నిండుగా వెలిగింది. బండ మూసి మట్టి కప్పాం. ఒక్క పూటే అనుకున్నాం.

మిలిటరీ మూడు రోజులు కదల్లేదు.

నాలుగోనాడు మధ్యాహ్నం బండ జరిపాం. కిష్టయ్య తాత తాడుకు కట్టి దీపం దింపాడు. రెండు మూరలు దిగి ఆరింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరింది. దీపం ఆరితే లోపల విషగాలి. ఎవరూ దిగరు.

జొన్నలు మాగిన వాసన రావాలి. రాలేదు. బొగ్గుపొగ... ఉప్పునీళ్ళు...

అడుగున ఏదో పెద్ద చక్రం నీళ్ళను కొడుతోంది. ధబ్... ధబ్...

"తీసినవా, తమ్మీ?"

నేను తాడు అందుకున్నాను. తాత నా చెయ్యి పట్టాడు.

"దీపం ఆరిన జాగల మనిషి బతకడు, కొడుకా. గది బిక్షమ్మ గాదు."

"దిగుతా."

"దిగితే రేపు నువ్వు సుత గట్లనే పిలుస్తవు."

కింది నుంచి గుసగుస. "జర చెయ్యియ్యి... పిల్ల తడుస్తాంది..."

నేను... బండ పట్టాను. ఇద్దరం కలిసి మూసేశాం.

దెయ్యాలు లేవని నాకు నేర్పింది మీరే. మరి మాట్లాడిందెవరు? బతికున్న బిక్షమ్మ మీదే బండ మూశానా? మనుషుల్ని పంపండి, తవ్వి చూద్దాం.

దీపం కట్టిన తాడు నా గదిలోనే ఉంది. నెలయినా దాని తడి ఆరలేదు. నాలుకకు ఉప్పగా తగులుతోంది. నిన్నటి నుంచి రెండో కొసను ఎవరో మెల్లగా లాగుతున్నారు.

మీ జవాబు రాకపోతే దాన్నే నడుముకు కట్టుకుని దిగుతాను.

గడువు: 1948 నవంబరు 20.