పూలు లేని తోటకు నీళ్లు

చలికాలం వస్తే పెలూకోలో ఇంటింటా కట్టెల పొయ్యి రాజుకుంటుంది. ఊరు పొగలో మునుగుతుంది. ఎదురుగా వచ్చేది పక్కింటాయనో, పోస్టుమానో దగ్గును బట్టి పోల్చుకోవాల్సిందే.

మునిసిపాలిటీ లెక్కల్లో మాత్రం అక్కడి గాలి బంగారం. ఆ ఘనత బౌతిస్తాది. పార్కులో గాలిని కొలిచే యంత్రం చుట్టూ రోజంతా పైపుతో నీళ్లు చిమ్మడం అతని ఉద్యోగం. ఆ తుంపర్లకు పొగ నుసి నేలకు దిగుతుంది, యంత్రం చూపే అంకె తగ్గుతుంది. మేయరుగారు దీనికి తోటపని అని పేరు పెట్టారు.

యంత్రం బాగోగులు చూడడానికి రాజధాని శాంతియాగో నుంచి వచ్చిన అంపారో మొదటి రోజే నిలువునా తడిసింది.

"ఏం పెంచుతున్నారిక్కడ?" అంది ముఖం తుడుచుకుంటూ.

"పూలండీ."

"ఏవీ?"

"వస్తాయండీ. తొందరేముంది?"

ఆమె బురద వంక చూసింది, అతని వంక చూసింది, నవ్వింది. ఆ నవ్వుకు పైపు పక్కకు తిరిగి అతని బూట్లు నిండిపోయాయి.

అప్పటినుంచి రోజూ కబుర్లే. కంటికి కనపడని నుసి ఊపిరితిత్తుల్లోకి ఎలా దిగుతుందో ఆమె ఓపిగ్గా చెప్పేది. అతను కళ్లార్పకుండా వినేవాడు. విన్నది తక్కువ, చూసింది ఎక్కువ. ఆమె దగ్గర ఇంకాసేపు ఉండొచ్చని నీళ్లు ఇంకా ఎక్కువ చల్లేవాడు.

ఒకరోజు ఆమె ముభావంగా వచ్చింది. గాలి ఇంత బాగున్న ఊరికి యంత్రం దండగ అని పైవాళ్లు తేల్చారట. సోమవారం యంత్రంతో పాటు ఆమె ఇంకో ఊరికి వెళ్లిపోవాలట.

ఇన్నాళ్లూ బౌతిస్తా తన చేత్తోనే ఆమెను ఊరు దాటిస్తున్నాడన్నమాట. వెళ్లి కొళాయి కట్టేశాడు.

"ఇక్కడ పూలు లేవండీ. ఈ నీళ్లు అంకె కోసం," అన్నాడు. గొంతు సవరించుకుని, "మీరు వచ్చాక సగం మీకోసం," అన్నాడు.

"మొదటిది ఎప్పుడో అనుమానించాను. మీరే చెబుతారేమోనని ఆగాను, అది నా తప్పే," అంది అంపారో. "రెండోది మాత్రం ఇంత ఆలస్యంగానా చెప్పేది? సరే, మొదటిది మా అధికారుల ముందు చెబుతారా?"

చెప్పాడు. ఉద్యోగం ఊడింది, యంత్రం తరలింపు ఆగింది. మర్నాటికి అంకె ఆకాశాన్ని అంటింది. యంత్రానికి పిచ్చి పట్టిందని మేయరుగారు దగ్గుతూ ప్రకటించారు. ఊళ్లో కట్టెల పొయ్యిలు వెలిగించరాదని ఉత్తర్వు వచ్చింది. జనం బౌతిస్తాను తిట్టని తిట్టు లేదు.

ఏ చిమ్నీలోంచి పొగ వస్తోందో చూసే పని అంపారో మీద పడింది. తిరిగి తిరిగి అతని ఇంటికీ వచ్చింది. వచ్చినవాళ్లను పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీకి కెటిల్ పెట్టడం అక్కడి మర్యాద. అతని తల్లి ఎల్విరా మూడు ఉన్ని పోంచోలు కప్పుకుని, చల్లారిన పొయ్యి ముందు బిగుసుకుని కూర్చుని ఉంది.

"నా పొయ్యి ఆర్పించిన పిల్ల ఈవిడేనట్రా?"

పక్కన కూర్చున్న బౌతిస్తా అవునన్నట్టు తలూపాడు.

"పొద్దుట్నుంచీ ఒక్కసారైనా దగ్గు రాలేదమ్మాయ్. ఏదో జబ్బు చేసినట్టుంది," అంది ఎల్విరా అంపారోతో. తర్వాత బల్ల మీద కొంచెం జరిగి, కొడుక్కీ తనకూ మధ్య చోటు చేసింది.

"వచ్చి ఇక్కడ కూర్చో. పొయ్యి తీసేసుకున్నాక ఈ ఇంటికి వెచ్చదనం నువ్వే ఇవ్వాలి మరి."