ఐస్ ఫ్యాక్టరీ వెనక రెక్కల చప్పుడు

మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ వెనక ఓ సిమెంటు గచ్చు ఉంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్లరు. కుక్కలు కూడా దాని పక్క రేకుల గోడ దాకా వచ్చి, తోక ముడిచి వెనక్కి పోతాయంటారు. కుక్కల సంగతి నాకు తెలీదు గానీ మా బావ సంగతి తెలుసు. ఇది బావ నోట విన్నదే.

బావ పని కట్టుడుపళ్లు తయారుచెయ్యడం. పగలంతా జనానికి నవ్వులు అమరుస్తాడు, సాయంత్రమైతే రిమోట్ హెలికాప్టర్ పట్టుకుని పోతాడు. దాన్ని బొమ్మ అంటే ఆయనకి కోపం. నైట్రో ఇంధనం తాగే అసలు సిసలు ఇంజను మరి. రెక్క తగిలితే వేళ్లు పోతాయి, వేళ్లు పోతే ఉద్యోగం పోతుంది. మా అక్క చదివే దండకం రోజూ ఇదే.

ఆ గచ్చు మీద బావకీ, ఇదే సరదా ఉన్న ఇంకొందరికీ ఎగరెయ్యడం నేర్పింది ఓ పెద్దాయన. క్రితం ఏడు ఓ రాత్రి అక్కడే, రిమోట్ చేతిలో ఉండగానే కూలబడిపోయాడు. గుండె ఆగింది. పక్కనే నేల మీద దింపిన హెలికాప్టర్ మాత్రం... ఇంధనం అయిపోయేదాకా గుర్రుమంటూనే ఉందట.

ఆ తర్వాత మొదలైంది.

అక్కడ చీకట్లో ఎగరేస్తే చాలు — యంత్రానికి పిచ్చెక్కేది. మీట ముట్టుకోకుండానే ఇంజను కెవ్వున అరిచేది. ఒకటి వెళ్లి గోడకి కొట్టుకుంది. ఇంకొకటి ఓ మెకానిక్ చెవి పక్కనుంచి దూసుకుపోయింది. 'పెద్దాయన తన చోటు ఇంకెవరికీ ఇవ్వడు' అనేశారు. నరం లేని నాలుక కదా, ఆ మాట పాకి పాకి ఆయన భార్య చెవిన పడింది. ఒకావిడ వీధిలో ఈమెని చూసి పిల్లాణ్ణి పక్కకి లాక్కుందట కూడా.

ఓ రోజు పెద్దాయన భార్య ఆయన హెలికాప్టర్ని చంటిబిడ్డలా ఎత్తుకుని బావ గుమ్మంలోకి వచ్చింది.

"దీన్ని బాగుచెయ్యి బాబూ. చీకటి పడ్డాక, అక్కడే ఎగరెయ్యి. నేనూ వస్తాను."

"లేనిపోనిది ఎందుకు పిన్నిగారూ..."

"ఆయనే అయితే నన్ను చూసి ఊరుకుంటారు. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆ మాత్రం నా మాట వింటారు. ఆయన కాకపోతే... ఆ సంగతీ తేలాలి కదా. చచ్చిపోయిన మనిషిని ఇంతలేసి మాటలంటుంటే వింటూ కూర్చోలేను."

బావ కాదనలేకపోయాడు. పెద్దాయన దగ్గర అన్నీ నేర్చుకున్నవాడు మరి.

యంత్రంలో పాడైంది థ్రాటిల్ సర్వో. అగ్గిపెట్టె అంత డబ్బా, దానికో బుల్లి చెయ్యి. ఆ చెయ్యి ఇటు తిరిగితే ఇంజనుకి ఇంధనం వదిలే థ్రాటిల్ తెరుచుకుని వేగం పెరుగుతుంది, అటు తిరిగితే మూసుకుని తగ్గుతుంది. కొత్తదాన్ని ఎంచడానికి బావ కూతురికి సంబంధం వెతికినట్టు వెతికాడు. మంచి బలమున్నది చూద్దామా అంటే, థ్రాటిల్ తిప్పడానికి బలమెందుకు, కుళాయి కన్నా తేలిగ్గా తిరుగుతుంది. కావలసింది చురుకుతనం. రెక్కల మీద బరువు పడగానే ఇంజను అందుకోవాలి. ఇంజను అదురుకి లోపలి చక్రాల పళ్లు అరగకూడదు. పళ్ల విషయంలో బావని మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదనుకోండి.

"పాత రకం రావడం లేదండీ. ఈ ఏడాది అందరూ ఇదే తీసుకెళ్తున్నారు," అని దుకాణం ఆయన ఓ కొత్త రకం చేతిలో పెట్టాడు. దానంత చురుకైనది ఇంకోటి లేదు. తెచ్చి బిగిస్తే ఎదురువైపు తిరిగింది. అదెంత పని? రిమోట్‌లో దిక్కు మార్చేశాడు. మీట పైకి తోస్తే థ్రాటిల్ తెరుచుకుంటోంది, కిందికి లాగితే మూసుకుంటోంది. ఇంకేం కావాలి?

ఆ రాత్రి గాలి లేదు. తోకకి కట్టిన చిన్న దీపం తప్ప వెలుగూ లేదు. పిన్నిగారు మడతకుర్చీలో కూర్చుంది. బావ రిమోట్ అందుకున్నాడు. ఇంజను అంటుకుంది. రెక్కలు అందుకున్నాయి. హెలికాప్టర్ మెల్లగా లేచి, తలెత్తు దాటి నిలబడింది.

"ఇదే చప్పుడు," అంది ఆవిడ. "వంటింట్లోకి వినిపించేది."

దీపం కొంచెం కొంచెంగా గోడ మూల వైపు జరిగింది... ఇంకొంచెం...

ఉన్నట్టుండి — ఇంజను కెవ్వుమంది.

బావ మీట కిందికి లాగాడు. వినలేదు. మళ్లీ లాగాడు. అరుపు ఇంకా పెరిగింది. దీపం ఊగిపోతూ పైకి లేచింది. రేకులన్నీ దడదడలాడుతున్నాయి.

పిన్నిగారు లేచింది. చీకట్లోకి నాలుగడుగులు వేసింది.

"ఏమండీ..." అంది, నిద్రపోయేవాణ్ణి లేపుతున్నట్టు. "నేనండీ."

అరుపు ఆగిపోయింది.

ఇంజను మామూలు గొంతుకి దిగింది. మీట మాట విన్నది. బావ హెలికాప్టర్ని కిందికి దింపి, ఇంజను ఆపేశాడు. పిన్నిగారి ముఖం వెలిగిపోతోంది. పెద్దాయన పోయాక ఆవిణ్ణి అలా చూడడం అదే మొదటిసారి అంటాడు బావ.

ఆవిడ హెలికాప్టర్ పక్కన చతికిలపడింది. "ఎవరు కొత్త సర్వో తెచ్చినా ఆయన ముందు రిమోట్ ఆపేసి, ఆ చెయ్యి ఎటు పోతుందో చూసేవారు. నన్ను టార్చి పట్టుకోమనేవారు. నువ్వు చూడలేదేం బాబూ?"

బావ ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. అందరూ ఆయన చేత బిగింపించుకుపోయేవాళ్లే. బావ టార్చి వేసి, రిమోట్ ఆపాడు.

చెయ్యి గిర్రున తిరిగి — థ్రాటిల్ బార్లా తెరుచుకుంది.

బావకి ఒక్కసారిగా అర్థమైంది. రిమోట్ మాట అందనప్పుడు చెయ్యి ఎక్కడ ఆగాలో, ఆ మాట అందుకునే లోపలి రిసీవర్ గుర్తు పెట్టుకుంటుంది. అది పాత సర్వో నాటి గుర్తు. పాతదానికి అది మూసే చోటు. ఎదురువైపు తిరిగే కొత్తదానికి పూర్తిగా తెరిచే చోటు. ఆ గోడ మూల రేకులు రిమోట్ మాటని మింగేస్తాయి. పగలైతే గోడ చూసి ఎవరూ అటు పోనివ్వరు, చీకట్లో ఆ మూల కనిపించదు. అంతే. పిచ్చెక్కిన యంత్రాలన్నింటిలోనూ ఈ కొత్త సర్వోనే. మూల దాటగానే మాట అందింది, అరుపు ఆగింది.

ప్రాణం లేచొచ్చింది బావకి. "దెయ్యం లేదు, ఏం లేదు పిన్నిగారూ. తప్పు మాది. ఆయన చేసే పని మేమెవరం చెయ్యలేదు. పొద్దున్నే అందరికీ చెప్తాను. ఇంక ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనరు."

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ ఆగిపోయిన రెక్కని చేత్తో మెల్లగా నిమిరింది.

"ఇందాక పిలిస్తే విన్నారనుకున్నాను బాబూ," అంది చీకట్లోకి చూస్తూ. "అయితే... ఇక్కడ కూడా లేరన్నమాట."