తుండుగుడ్డ కింద పిడికిలి

"సైజు చింతగింజంత. వట్టి చేత్తో కొన్ని నిమిషాలు పట్టుకుంటే చాలు, వెంటనే తెలియదు గానీ రోజుల్లో చెయ్యి కుళ్లిపోతుంది. బాంబులో పెట్టి పేలిస్తే హైదరాబాద్‌లో ఒక బస్తీ పోతుంది. ఆ బస్తీలోకి నెలల తరబడి ఎవరూ అడుగుపెట్టలేరు."

సుమన స్క్రీన్ ఆపేసింది. వనపర్తి శివార్లలో మూతబడిన కోళ్ల ఫారం ఆఫీసు గది అది. ప్రస్తుతానికి స్పెషల్ యూనిట్ స్థావరం. చీఫ్ ఆమే. ఎదురుగా ఏజెంట్ నరేందర్ ఒక్కడే కూర్చున్నాడు.

"ఇరిడియం క్యాప్సూల్. పైపుల వెల్డింగ్ చెక్ చేసే మిషన్‌లోంచి దొంగిలించారు. కొనేది విదేశీ ముఠా. వాళ్ల మనిషి కోడ్ నేమ్ సౌదాగర్. ముఖం ఎవరూ చూడలేదు. రేపు పెబ్బేరు పశువుల సంతలో సరుకు చేతులు మారుతుంది."

"సంతలోనా మేడమ్?"

"తుండుగుడ్డ కింద చేతులు కలిపి వేళ్లతో బేరమాడతారు కదా. మాట వినపడదు, కెమెరాకు కనపడదు. అమ్మే మనిషి దళారి చేతిలో పెడుతుంది, దళారి సౌదాగర్‌కి అందిస్తాడు. ముఠా బాబు మియా అనే దళారిని ఎంచుకుంది. ఆయన మనకు సాయం చేస్తానన్నాడు."

"మరి ఆయన చెయ్యి?"

"అమ్మే మనిషిగా వచ్చే ఉమేరా మన ఏజెంటే. అసలుది తీసేసి డమ్మీ పెడుతుంది."

"పెట్టకపోతే?"

"దళారికి నిజం చెబితే భయపడతాడు. గంటలో సంత ఖాళీ. సౌదాగర్ రాడు. చెప్పొద్దు. ఇది ఆర్డర్."

నరేందర్ గోపాల్‌పేట రైతు కొడుకు. వాళ్ల ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. ఆర్డర్ అన్నాక ఎదురు మాట్లాడటం అతనికి రాదు.

మర్నాడు పొద్దున్నే సంత నిండిపోయింది. నరేందర్ పంచె కట్టి, గొడుగు పట్టుకుని ఎద్దులు కొనే రైతులా దిగాడు. గొడుగు పిడిలో రేడియేషన్ మీటర్. రీడింగ్ చేతి వాచీలో కనపడుతుంది.

బాబు మియా అతన్ని కిందికీ పైకీ చూశాడు. "పంచె మీద బూట్లా? ఏం రైతువయా నువ్వు! ఎద్దులు నిన్ను జూసి నవ్వుతున్నయ్."

"చాచా, తెల్ల కార్ల వచ్చే ఆమె ఒక గోలీ ఇస్తది. అది చేతికి రాంగనే భుజం మీద కండువా సర్దు. మిగతాది మేం చూసుకుంటం."

"ఏం గోలీ అది? వజ్రమా?"

"నాకు తెల్వదు చాచా."

"తెల్వకుంటే మొఖం గట్లెందుకు వెట్టినవ్?" బాబు మియా కుడిచెయ్యి పైకెత్తాడు. "నలభై ఏండ్ల సంది గీ చెయ్యే నా దుకాణం. అల్లుడు పోయినంక నా బిడ్డ షాహెదా, ఆమె పిల్లలు, అందరు దీని మీదనే బతుకుతున్నరు. దీన్ల ఏది వెట్టినా భద్రమే. పరేషాన్ గాకు."

నరేందర్ వాచీ చూసుకున్నాడు. ముల్లు ఇంకా కదల్లేదు.

తెల్ల కారు వచ్చి ఆగింది. ఉమేరా దిగింది. గద్వాల పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, చేతికి లోపల సీసం పొర కుట్టిన మందపాటి తోలు గ్లవ్స్. డెయిరీ యజమానురాలి వేషం. చంకలో తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాన్, దాని లోపల అంగుళాల మందాన సీసం. నరేందర్ పక్కనుంచి పోతూ కోడ్ మాట అంది. "గేదెకు టీకా అయింది." అంటే లోపల ఉన్నది డమ్మీ.

నరేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. తుండుగుడ్డ కింద ఉమేరా, బాబు మియా చేతులు కలిశాయి. ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. బాబు మియా ఎడమ చేత్తో కండువా సర్దాడు.

వాచీలో ముల్లు ఎర్రగీత చివరికంటా పోయింది.

"మేడమ్, అసలుదే! ఉమేరా మోసం చేసింది. నేను వెళ్తున్నా."

"ఆగు," చెవిలో సుమన గొంతు. "సౌదాగర్ రాలేదు. వాడు తప్పించుకుంటే ఇంకో క్యాప్సూల్, ఇంకో సంత."

ఒక నిమిషం గడిచింది. బాబు మియా పక్క రైతుతో ఏదో జోకేసి నవ్వుతున్నాడు.

"మేడమ్, ఆయన చెయ్యి..."

"ఆగమన్నాను."

నరేందర్ ఆగాడు. రెండో నిమిషం కూడా ఆగాడు. ఆ తర్వాత ఆగలేక, ఎద్దు పండ్లు చూస్తున్నట్టు వంగి గుసగుసలాడాడు. "చాచా, పడెయ్. కింద పడెయ్."

"ఏంది నీ లొల్లి! బేరం తెగకముందు పిడికిలి ఇప్పుతరా? మా నాయన సంది ఇదే కాయిదా." బాబు మియా వేళ్లు ఇంకా గట్టిగా బిగించాడు.

ఎదురుగా పగ్గాలు అమ్ముతున్న మనిషి లేచాడు. అలాంటి తోలు గ్లవ్వే తొడిగిన చెయ్యి తుండుగుడ్డ కిందికి తోశాడు. సౌదాగర్! బాబు మియా పిడికిలి విచ్చుకుంది. ఆ క్షణంలోనే నరేందర్ గొడుగు బటన్ నొక్కాడు. గొడుగు కొసలోంచి మత్తు సూది వాడి తొడలో దిగింది. సౌదాగర్ పేడలో బోర్లా పడ్డాడు, క్యాప్సూల్ పక్కకు దొర్లింది. యూనిట్ మనుషులు జనాన్ని దూరం నెట్టి, పొడుగాటి పట్టకార్లతో దాన్ని సీసం డబ్బాలోకి ఎత్తారు. సౌదాగర్ వ్యాన్‌లో పత్తిచెక్క బస్తాల కింద బాంబు సిద్ధంగా ఉంది. దాన్లో చింతగింజంత చోటు ఖాళీ.

బాబు మియా అరచెయ్యి చాపి చూపించాడు. "సూడు బేటా, ఏం గాలే."

నిజమే. అప్పటికి ఏమీ కాలేదు.

ఉమేరా కారు హైవే ఎక్కకముందే దొరికింది. బేడీలు వేస్తుంటే ఆమె నరేందర్ వైపు చూసి నవ్వింది. "ముసలాయనకి నేను చెప్పలేదు. మీరు చెప్పారా?"

ఆరో రోజున ఫైలు మూసేశారు. ఇరవయ్యో రోజున బాబు మియా కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారు. ఫైలు ముందే మూశారు కాబట్టి రిపోర్టులో 'పౌర నష్టం: సున్నా' అని ఉంది.

రహస్యం కాపాడతానని ఒప్పుకునే కాగితం పట్టుకుని నరేందర్ దవాఖానకు వెళ్లాడు. మంచం పక్కన షాహెదా ఉంది. "మా అబ్బాకు ఏమైందని పిల్లలకు జెప్పాలె?"

"కరెంట్ షాక్ అని..." నరేందర్ కాగితం మడత విప్పాడు. "అట్ల చెప్పమన్నరు."

బాబు మియా కట్టు వైపు చూసుకున్నాడు. "నిజం జెప్తే ఉరుకుతననుకున్నవా? జెప్పినా పట్టుకుంటుంటి బేటా. పట్టకారుతోని పట్టుకుంటుంటి."

నరేందర్ సిరా ప్యాడ్ తీశాడు. బాబు మియాకు సంతకం రాదు, వేలిముద్ర కావాలి.

మగవాళ్లది ఎడమ బొటనవేలు చాలని రూలు. ప్రభుత్వానికి ఇబ్బంది కలగలేదు.