నాలుగో దిక్కు

"బాతమ్మా బాతమ్మా, బిరబిరా నడువ్
తూర్పున ముళ్ళంట, పడమట కుక్కలంట,
ఉత్తరాన ఉరుములంట...
దక్షిణాన..."

పెంచలమ్మకు పాట అక్కడ ఆగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ కోతలైన మళ్ళల్లో బాతుల మంద తోలుతూ పాడిన పాట అది. డెబ్బై రెండేళ్ళ బుర్రలో నాలుగో దిక్కు ఎక్కడ జారిపోయిందో, ఎంత తడిమినా దొరకడం లేదు.

"పర్వాలేదమ్మా, మూడు దిక్కులు చాలు మాకు," అంటూ డాక్టర్ సత్యవ్రత్ రికార్డర్ ఆపేశాడు.

ఆయన సైన్యానికి యంత్రాలు తయారుచేసే శాస్త్రవేత్త. రెండేళ్ళ క్రితం నెల్లూరు దగ్గర కారు ఆపుకుని, రోడ్డు దాటుతున్న నాలుగు వేల బాతుల్ని, వాటి వెనక గడకర్ర పట్టుకున్న ఒక్క ముసలమ్మను చూశాడు. మర్నాడే వెతుక్కుంటూ వచ్చాడు. ఇన్నింటిని కొట్టకుండా, తిట్టకుండా ఎట్లా నడిపిస్తున్నావని అడిగాడు. అడిగినవాడికల్లా పనిలో కిటుకు చెప్పడం పెంచలమ్మ వాళ్ళ ఇళ్ళల్లో అలవాటు. "మూడు వైపులా అలికిడి చెయ్యాల నాయనా. ఒక వైపు వదిలెయ్యాల. ఆ వైపు మనిషి నీడ కూడా పడకూడదు. అవే పోతాయి. మేమే పోతున్నామనుకుంటాయి," అని చెప్పింది.

ఆ మాటే ఇప్పుడు వాళ్ళిద్దరి ఎదుట సైన్యం శిక్షణ మైదానం మీద ఎగురుతోంది. పిచ్చుకంత డ్రోన్లు, పన్నెండు వేలు. మైదానం నడుమ సున్నంతో గీసిన గుండ్రంలో రెండు వందల మంది సైనికులు. సైరన్ మోగేదాకా గీత దాటకూడదని వాళ్ళకు ఆజ్ఞ. దాటితే నెల సెలవు రద్దు.

"పాతకాలపు యుద్ధం రెండు పొట్టేళ్ళు తలలు ఢీకొట్టుకోవడమమ్మా," అని సత్యవ్రత్ వివరించాడు. "ఇది వేరు. దీన్ని మాన్యూవర్ వార్‌ఫేర్ అంటాం. శత్రువు బలంగా ఉన్నచోట తగలకూడదు, సందున్నచోట దూరాలి. వాడు చూసి, ఆలోచించి, నిర్ణయం తీసుకునేలోపు మనం ఇంకోచోట ఉండాలి. వాడి బుర్ర మన వెనకబడిందంటే, తుపాకీ పేలకముందే ఓడిపోయినట్టు. అందుకే పైనుంచి హుకుం కోసం ఎవరూ కాచుకోరు. పని ఏమిటో చెబుతాం. ఎట్లా చెయ్యాలో డ్రోనయినా, సిపాయి అయినా అక్కడికక్కడ తేల్చుకోవాల్సిందే."

డ్రోన్లు మూడు వైపులా ముసిరాయి. ఒకచోట ఉత్తుత్తి ట్యాంకుల చప్పుడు, ఒకచోట వేడిగాలి, ఒకచోట సైనికుల చెవుల్లోని రేడియోలో గుసగుసలు. దక్షిణం వైపు మాత్రం ఎండ, గడ్డి, నిశ్శబ్దం. పదకొండు నిమిషాల్లో రెండు వందల మందీ గీత దాటి దక్షిణం మూలకు చేరారు.

అందరికంటే ముందు వచ్చింది పెంచలమ్మ మనవరాలు తారక. పది మందికి నాయకురాలు, హవల్దార్. హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ నవ్వింది.

"ఏందిమే, గీత దాటొద్దని చెప్పినారు గదా? ఎవురు రమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పలేదవ్వా. నేనే చూసుకున్నా. ఈ వైపు ఖాళీగా కనపడింది, వచ్చేసినా."

"బాతుల ఎనక పెరిగినదానివి! నువ్వు కూడానా?"

"నీ బాతులే నయం. వాటికి సెలవులు పోవు," అంది తారక.

పెంచలమ్మ నవ్వింది. సత్యవ్రత్ వైపు తిరిగింది. "నాయనా, నాలుగో దిక్కున ఏం పెడతారు?"

"ఏమీ పెట్టమమ్మా. వాళ్ళిళ్ళకు వాళ్ళు పోతారు. నెత్తురు లేని యుద్ధం." ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

చలికాలం రాగానే సరిహద్దులో యుద్ధం వచ్చింది. మొదటి వారంలోనే డ్రోన్ల రొదకు శత్రుసైన్యం కోటలాంటి కొండల్ని వదిలేసి లోయలోకి దిగిపోయింది. కొండల మీద ఒక్క తూటా పేలలేదన్నారు. ఊళ్ళో పెంచలమ్మకు శాలువా కప్పారు. ఆమె ఆ శాలువాతోనే టీవీ ముందు కూర్చుంది.

అరవయ్యో ఏట తారకే ఆమెకు అక్షరాలు నేర్పింది, తడి గట్టు మీద గడకర్ర మొనతో గీయించి. టీవీ అడుగున పరుగెత్తే అక్షరాలు ఆమెకు ఎప్పుడూ అందవు. ఆ రోజు ఒకే వరుస మళ్ళీ మళ్ళీ పోతుంటే, ఒక్కో అక్షరం ఏరుకుని కూడబలుక్కుంది. 'లోయ చివర మన ఫిరంగులు సిద్ధం. ముప్పై వేల మంది శత్రువులు హతం.'

శాలువా తీసి మడత పెట్టింది. సత్యవ్రత్‌కు ఫోన్ చేసింది.

"ఖాళీ అన్నావే నాయనా?"

"ఫిరంగులు మా ప్రాజెక్టులోవి కావమ్మా," అన్నాడు సత్యవ్రత్. "మా పని దారి వదిలేదాకే."

సరిహద్దు అవతల కూలిన డ్రోన్లను శత్రువులు ఏరుకుపోయారని తర్వాత తెలిసింది. విప్పి చూసుకున్నారట. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పెంచలమ్మ చెప్పిన నాలుగు మాటలే ఉన్నాయి.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున, పెంచలమ్మ బాతులకు తవుడు కలుపుతుంటే ఫోన్ మోగింది. సైనికుల హెల్మెట్‌లో ఇంటివాళ్ళతో వారానికి రెండు నిమిషాలు మాట్లాడే వీలుంది.

"అవ్వా, తిన్నావా?"

"తినినా గానీ, నువ్వెక్కడుండావే? ఆ జుమ్మనే మోత ఏంది?"

"ఎక్కడో చెప్పకూడదు. పొద్దున్నుంచీ ఒకటే రొద. కుడివైపు ట్యాంకులు, ఎడమవైపు మంట, ఎనకనుంచి రేడియోలో ఎవరెవరివో గుసగుసలు. మేమేమన్నా తక్కువా? సందు దొరికింది, మావాళ్ళను దూర్చేసినా. గంట నుంచీ నడుస్తా ఉండాం."

పెంచలమ్మ తవుడు కలపడం ఆపేసింది.

"ముందర? ముందరేముండాది?"

"ఏమీ లేదవ్వా. గడ్డి, ఎండ. మన మళ్ళ మాదిరే ఉండాది."

"పిట్టలు అరస్తా ఉండాయా?"

"పిట్టా లేదు, పురుగూ లేదు."

అప్పుడొచ్చింది పాట. అరవై ఏళ్ళుగా దొరకనిది, ఎవరో వెనక నిలబడి అందించినట్టు వచ్చింది.

'దక్షిణాన దారంట, దారెంట పోతే
అమ్మకాల వలంట, అక్కడే తెల్లారంట.'

మంద తోలేది బాతుల్ని ఊరేగించడానికి కాదు. సంత వాడు వల పట్టుకుని కూర్చున్న చోటికి చేర్చడానికి. ఆ వల దగ్గర పిల్ల ఏడుస్తుందనే వాళ్ళమ్మ చివరి వరుసను పెంచలమ్మ ముందు ఎప్పుడూ గట్టిగా పాడేది కాదు.

"తారకా! నిలబడు! ఎనక్కి తిరుగు! ఆ రొదలోకే పో! అదంతా ఉత్త చప్పుడే, పిచ్చుకలంతటివే! ముందరికి పోవద్దు తల్లీ!"

"అవ్వా, సరిగా ఇనపడటం లేదు. టైమ్ అయిపోతోంది."

"ఎవురు పొమ్మన్నారు నిన్ను ఆ దిక్కుకి? ఎవురు చెప్పినారే?"

అటువైపు తారక నవ్వింది. సున్నపు గీత దాటి వచ్చిన రోజు నవ్విన నవ్వే.

"ఎవరూ చెప్పలేదవ్వా. నేనే చూసుకున్నా. ముందంతా ఖాళీ."